తోట కాగితం మీద అమ్మిన మేడ

కట్టడానికి తెలివి కావాలి గాని కూల్చడానికి బలం చాలునని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. చాలా అభిప్రాయాల మాదిరిగానే దీన్నీ ఎవరూ పరీక్షించి చూడరు. ఆ అవసరం పడేవాళ్ళు తక్కువ. నూజివీడులో కామేశ్వరికి ఆ అవసరం యాభై ఎనిమిదో ఏట, నిరుడు మాఘమాసంలో పడింది. అంతవరకు ఆమెదీ లోకం అభిప్రాయమే.

ఆమె పని రంగులు కలపడం. బస్టాండు నుంచి కోట వైపు పోయే బజారులో, రెండంతస్తుల పాత మేడ కింది భాగంలో, ఆమె మ్యాచింగ్ సెంటరు నడిపేది. లైనింగు గుడ్డలు, ఫాల్సు, దారాలు, హుక్కులు అమ్మేది. ఎవరైనా చీర తెచ్చి దానికి జాకెట్టు గుడ్డ అడిగితే ట్యూబులైటు కింద చూపించేది కాదు. చీరచెంగు ఒక చేత్తో, గుడ్డ ఒక చేత్తో పట్టుకొని, ఆటోల హారన్లను లెక్కచేయకుండా రోడ్డు మీదికి వచ్చి, రెండింటినీ ఎండలో పక్కపక్కన పెట్టి చూసేది. "కొట్లో లైటు ఎప్పుడూ కొట్టువాడి పక్షమే మాట్లాడుద్దమ్మా" అనేది. బేరం పోయినా సరే, ఎండ ఒప్పుకోని రంగు ఆమె అమ్మలేదు. ఇది నీతి అని ఆమె అనుకోలేదు. తిరిగొచ్చిన గుడ్డను మడతపెట్టడం ఆమెకు విసుగు, అంతే.

భర్త సత్యనారాయణమూర్తి మామిడి వ్యాపారి. ఈ ప్రాంతంలో తోటలను పూత మీదే కొంటారు. చెట్టు పూత పట్టగానే వ్యాపారి వచ్చి, ఎంత కాయ దిగుతుందో ఊహించి, రైతుకు ఒక మొత్తం ఇచ్చి కాగితం రాయించుకుంటాడు. ఆ తరువాత కాసినా రాలినా అతని అదృష్టం. సత్యనారాయణమూర్తి పదెకరాల తోటను మోటారుసైకిలు దిగకుండా చూసి లెక్క చెప్పగలడని పేరు. లెక్క తప్పినప్పుడు గాలివాన మీద వేసేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన దృష్టిలో గాలివాన చాలా తప్పులే చేసింది.

మేడ ఆయన తండ్రి కట్టించింది. ముందు కొట్లు, వెనక చిన్న రసాలు మాగేసే గది, పైన కాయల కోసం వచ్చే వ్యాపారులు దిగే గదులు. మామిడి వ్యాపారం ఊరి బయటి షెడ్లకు తరలిపోయాక పై గదులకు తాళం పడింది. అంతకుముందు వానాకాలంలో పిట్టగోడ నుంచి ఒక పెద్ద పెచ్చు ఊడి, కింద నిలబెట్టిన స్కూటీ సీటు మీద పడింది. సీటు ఖరీదు పుచ్చుకొని కూడా ఆ స్కూటీ యజమాని ఆరు నెలలు ఆ కథే చెప్పుకొని తిరిగాడు. ఇంతలో శిథిల భవనాన్ని వేసవిలోపు తొలగించవలసిందని మునిసిపాలిటీ నోటీసు వచ్చింది.

నోటీసుకు వాళ్ళేమీ బాధపడలేదు. కూల్చి, ఆ ఇరవై ఏడు అడుగుల ముఖం మీద మూడు షట్టర్లతో కొత్త భవనం వేసుకోవాలని ఎప్పటినుంచో ఉంది. చిక్కల్లా తూర్పు గోడ.

తూర్పున మేడను ఆనుకొని రిబ్కమ్మ టైలరు కొట్టు ఉంది. ఆ కొట్టుకు మూడు గోడలే ఉన్నాయి. నాలుగోది మేడ గోడ. రిబ్కమ్మ తల్లి ఆ కాస్త స్థలం కొనుక్కున్న రోజుల్లో, "గోడ ఉండగా ఇంకో గోడ దేనికే, రేకులు దీని మీదే దించుకో" అని కామేశ్వరి మామగారు అన్నారట. కాగితం లేదు. అన్నవారు లేరు, విన్నవారు లేరు. గోడ మాత్రం ఉంది.

నోటీసు సంగతి బజారుకు తెలిసిన మర్నాడు రిబ్కమ్మ లైనింగు గుడ్డకు వచ్చింది. కొనుక్కుంది, సంచిలో పెట్టుకుంది, అయినా కదలలేదు.

"ఇంకేంటి రిబ్కమ్మా, హుక్కులా?"

"హుక్కులున్నాయండి. మేడ పడగొట్టిస్తన్నారంట గదండి."

"పడగొట్టాలిగా మరి. నోటీసిచ్చారు."

"మా కొట్టు కూడా పోద్దాండి?"

"మీ కొట్టెందుకు పోద్ది? నోటీసు మా మేడకి."

"నోటీసు మీకేనండి. గోడ ఇద్దరికీ గదండి." రిబ్కమ్మ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "పెళ్ళి జాకెట్లు నూట అరవై ఒప్పుకున్నానండి ఈ రెండు నెలలకి. ఒకటి మాసినా పెళ్ళికూతురు ఊరుకోదు. అది ఊరుకున్నా వాళ్ళమ్మ ఊరుకోదు."

కామేశ్వరి నవ్వి, "నీ కొట్టుకి పెచ్చు కూడా ఊడదులే. పూచీ నాది" అంది.

అంత తేలికగా ఆమె ఇంతకుముందు ఏ మాటా ఇవ్వలేదు. ఒక గోడ ఎలా దిగుతుందో తెలిసినవాళ్ళెవరూ అలాంటి పూచీ పడరు.

పాత భవనాలు కూల్చే వ్యాపారంలో ఒక వింత ఉంది. పని చేయించుకునేవాడు డబ్బివ్వడం లోకరీతి. ఇక్కడ చేసేవాడే ఇస్తాడు. టేకు దూలాలు, గుమ్మాలు, ఇనుము, చివరికి ఇటుక కూడా పాతసామానుగా అమ్ముడుపోతాయి గనుక, కాంట్రాక్టరు ఆ మేడను నిలబడి ఉన్నట్టుగానే కొనేసి, కూల్చుకొని పట్టుకుపోతాడు. ఈ పద్ధతి వినగానే సత్యనారాయణమూర్తికి ఎంతో పరిచయమైనదిగా తోచింది.

మొదట వచ్చినవాడు చాట్రాయి బుచ్చయ్య. అరవై దాటిన మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో చిన్న సుత్తి. వచ్చినవాడు బేరం ఎత్తకుండా రెండు గంటలు మేడ లోపలే తిరిగాడు. గోడకు చెవి ఆనించి సుత్తి పిడితో తట్టాడు. ఇటుకల సందులో మేకు పెట్టి తిప్పాడు. రాలిన పొడిని వేళ్ళతో నలిపి, నాలుక మీద వేసుకొని ఊశాడు. తరువాత రిబ్కమ్మ కొట్లోకి వెళ్ళి, ఆమె క్యాలెండరు తీయించి, అటువైపునుంచి కూడా తట్టి చూశాడు.

"ఇంతకీ ఎంతిస్తావయ్యా?" అన్నాడు సత్యనారాయణమూర్తి, ఓపిక పూర్తిగా అయిపోయాక.

"నేనివ్వనండి. మీరే ఇవ్వాలండి."

"మేమా? దేనికి?"

"పడగొట్టినందుకండి. సామానంతా మీదే. నాకూ నలుగురు మనుషులకీ రోజుకూలీ. నలభై రోజులు పడుద్ది."

"నలభై రోజులా? మా నాన్న కట్టించిందే ఆర్నెల్లలో."

"కట్టినోళ్ళకి పక్కన కొట్టు లేదు గదండి" అన్నాడు బుచ్చయ్య.

కామేశ్వరి కల్పించుకొని తూర్పు గోడ సంగతి అడిగింది. బుచ్చయ్య ఆమె వైపు తిరిగాడు. "మట్టి అడుసుతో కట్టిన గోడండి ఇది. పైన సిమెంటు పూశారు, అంతే. గోడ దూలాల్ని మోస్తందనుకుంటారు గానీ అమ్మగారూ, ఈ వయసులో దూలాలే గోడని పట్టుకునున్నాయి. అవి ముందు లాగితే గోడ అటో ఇటో చూస్తది."

"ఎటు చూస్తది?"

"అది దాని ఇష్టమండి."

అతను బస్సుకు వెళ్ళిపోయాక సత్యనారాయణమూర్తి కుర్చీలో వెనక్కి వాలాడు. "మన్ను రుచి చూసేవాణ్ణి మేడ కూల్చడానికి పిలిచామే. ఎదురు డబ్బిచ్చి ఇల్లు కొట్టించుకున్నారని బజారంతా నవ్వుద్ది కామేశ్వరీ."

రెండోవాడు బెజవాడ నుంచి కారులో వచ్చిన నాగరాజు. నలభై ఏళ్ళుంటాయి, చురుకైనవాడు, మర్యాదస్తుడు. గోడల వంక చూడలేదు. తల పైకెత్తి దూలాలను చూశాడు, వేలి కణుపుతో గుమ్మాలను తట్టాడు, పది నిమిషాల్లో ఒక అంకె చెప్పాడు. అంకె వినగానే సత్యనారాయణమూర్తి ముఖంలో పూతకాలపు కళ వచ్చింది. అరగంట బేరమాడి దాన్ని ఇంకొంచెం పెంచాడు. అలా పెంచడంలో ఆయనకు కలిగిన ఆనందం ఆ డబ్బుకంటే ఎక్కువే ఉంటుంది.

"పక్క కొట్టుందండీ నాగరాజు గారూ, గోడ కలిసి ఉంది" అంది కామేశ్వరి.

"చూసుకుంటామమ్మా. ఇలాంటివి ఎన్ని కొట్టలేదు" అన్నాడతను. చూసుకుంటానన్నవాడు దేన్ని చూసుకుంటాడో ఆమె అడగలేదు. కొట్లో సరుకు ఎదుటి వరుసలోని అద్దె గదిలోకి మార్చే తొందరలో ఉంది.

కాగితం రాయించే పని సత్యనారాయణమూర్తి తీసుకున్నాడు. పూతల రోజులు గనుక దస్తావేజు లేఖరి కంప్యూటరు ముందు జనం మూగి ఉన్నారు. రోజుకు పది తోటల కాగితాలు. కొత్త కాగితం రాయాలంటే రెండు రోజులాగమన్నాడు. "కొత్తది దేనికయ్యా, మన తోట కాగితమే ఉందిగా. తోట తీసి భవనం పెట్టు, పేర్లు మార్చు" అన్నాడు సత్యనారాయణమూర్తి. లేఖరి అక్షరాలా అలాగే చేశాడు. తోట అన్న ప్రతిచోటా భవనం అయింది. మిగిలినదంతా ఎలా ఉన్నది అలాగే ఉంది. పాత బియ్యం మిల్లు సుబ్బారావు సాక్షి సంతకం పెట్టాడు. చదివినవాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన కాగితాన్ని మళ్ళీ చదవడం దాన్ని అనుమానించినట్టవుతుందని కాబోలు.

సోమవారం ఉదయం పని మొదలైంది. కామేశ్వరి ఎదుటి గదిలో కూర్చొని చూస్తూ ఉంది. మధ్యాహ్నానికి గుమ్మాలు, కిటికీలు ఊడి లారీ ఎక్కాయి. తలుపులు లేని మేడ పళ్ళు తీయించుకున్న మనిషిలా ఉందని ఆమెకు అనిపించి కొంచెం నవ్వు కూడా వచ్చింది. భోజనాల తరువాత మనుషులు పైకెక్కి మిద్దె తెరిచారు. మొదటి దూలానికి గొలుసు కట్టి, రెండో కొసను రోడ్డు మీది మిషనుకు తగిలించారు. నాగరాజు ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఆ ఏడు టేకు దూలాలకే. వాటిని ముందు తీసుకోవడం అతని దృష్టిలో సహజమే. మిషను ఒక్క ఊపు ఊపింది. దూలం వచ్చింది. తూర్పు గోడ నిలబడే ఉంది, కాని ఒకసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదలడం కామేశ్వరి చూసింది.

కాసేపటికి రిబ్కమ్మ కొట్లోంచి బయటికి వచ్చింది. అరవలేదు. రోడ్డు దాటి వచ్చి, గంధం రంగు పట్టు జాకెట్టు ఒకటి కౌంటరు మీద పెట్టింది. దాని మీద ఎర్రమట్టి పల్చగా పరుచుకొని ఉంది.

"ఎండలో చూడండమ్మగారూ" అంది. "గోడకి పగులొచ్చిందండి. పైనుంచి మిషను బల్లదాకా. వెంట్రుకంతే. ఇంకా ఆరు దూలాలున్నాయంట గదండి."

కామేశ్వరి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటింది. "ఆపండి" అనగానే మిషను ఆగింది. కారులోంచి నాగరాజు కాగితం పట్టుకొని దిగాడు.

"అమ్మా, మీరు లోపలికి రాకూడదు."

"నా మేడలోకి నేను రాకూడదా?"

"కాగితంలో ఉందమ్మా." అతను వేలు పెట్టి చదివాడు. "'సదరు భవనము యొక్క పంట పూర్తిగా దిగువరకు యజమాని గాని, యజమాని తాలూకు మనుషులు గాని లోనికి ప్రవేశించరాదు. ఏ కొమ్మపైనను చేయి వేయరాదు.' కొమ్మ సంగతి నాకూ అర్థం కాలేదు. రాకూడదన్నది మాత్రం శుభ్రంగా ఉంది."

ఎవరో ఫోను చేసినట్టున్నారు, సత్యనారాయణమూర్తి మోటారుసైకిలు మీద వచ్చాడు. కాగితం తీసుకొని చూశాడు. ఆ షరతును ఆయన ఎందరో రైతులకు స్వయంగా చదివి వినిపించాడు. ఆయనకు దాన్ని చదివి వినిపించినవాడు ఇంతవరకు లేడు.

"ఇది తోటకి రాసిందయ్యా" అన్నాడు చివరికి.

"సంతకం మేడకి పెట్టారు కదండీ" అన్నాడు నాగరాజు, ఏమాత్రం వెటకారం లేకుండా. "నాకూ మిషను అద్దె రోజుకింతని ఉంది. పగులుకి సిమెంటు పూయిస్తా. జాకెట్టు ఖరీదు కూడా ఇచ్చేస్తా. రేపు ఆరింటికి రెండో దూలం తీస్తాం."

అతను అన్యాయం మాట్లాడలేదు. అదే కామేశ్వరికి ఇబ్బంది అయింది. అన్యాయం మాట్లాడేవాడితో పోట్లాడవచ్చు. పూత అమ్ముకున్న రైతు తన చెట్టు కింద తనే చేతులు కట్టుకొని నిలబడడం ఆమె ఈ ఊరికి కోడలుగా వచ్చినప్పటి నుంచి చూస్తూనే ఉంది. డబ్బు పుచ్చుకున్న చేతితో ఆగమని సైగ చేయడం కుదరదు. బుచ్చయ్య తమను కూలీ అడిగాడనుకున్నారు. నిజానికి అతను, ఏ రోజైనా ఏ ఇటుక దగ్గరైనా పని ఆపించే హక్కు వాళ్ళ దగ్గరే ఉండే బేరం ఒకటి చెప్పాడు. ఆ హక్కుకు ఒక ఖరీదు ఉంటుందని భార్యాభర్తలిద్దరికీ తట్టలేదు.

ఆమె భర్త చేతిలోంచి కాగితం తీసుకుంది. రోడ్డు మధ్యకు వచ్చి, ఎండ పడేలా పట్టుకొని, మొదటి షరతు నుంచి చదవడం మొదలుపెట్టింది. పదిహేడు షరతులు. భవనంలోకి గొడ్లను తోలరాదని ఉంది. భవనానికి పట్టిన తేనెపట్టు కొనుగోలుదారునిదేనని ఉంది. గాలివానకు భవనం రాలితే యజమాని బాధ్యుడు కాడని ఉంది. తొమ్మిదో షరతు దగ్గర ఆమె ఆగి, రెండుసార్లు చదివింది.

"నాగరాజు గారూ, నాకు ఇంటి చెట్టుంది" అంది.

"ఏం చెట్టమ్మా?"

"ఇంటి చెట్టు. 'యజమాని ఇంటి వాడకము నిమిత్తము సదరు భవనములో తన ఇష్టము వచ్చిన ఒక చెట్టును మినహాయించుకొనవచ్చును. దాని మొదలుతో గాని కొమ్మతో గాని కొనుగోలుదారునకు సంబంధము లేదు.' చూడండి."

ఈ ప్రాంతపు రివాజు అది. తోటంతా అమ్ముకున్న రైతు కూడా ఆవకాయకని, ఇంట్లో వాళ్ళ రసాలకని ఒక్క చెట్టు ఉంచుకుంటాడు. ఏ చెట్టన్నది అతని ఇష్టం. దాన్ని కాదన్న వ్యాపారికి మరుసటి ఏడు పూత అమ్మేవాడుండడు.

నాగరాజు నవ్వాడు. "మేడలో చెట్టెక్కడిదమ్మా?"

"మీరు చదివిన కొమ్మ ఎక్కడిదో చెట్టూ అక్కడిదే. కొమ్మ మీద నేను చెయ్యి వెయ్యకూడదంటే, నా చెట్టు మీద మీరు వెయ్యకూడదు. కాగితం సగం చెల్లి సగం చెల్లకపోవడం ఉండదుగా."

సత్యనారాయణమూర్తికి అంతసేపటికి కాళ్ళ కింద నేల దొరికింది. ఇది ఆయన ఎరిగిన విషయం. "ఇంటి చెట్టు లేదని మా ఆవిడకి చెప్పు నాగరాజూ, ఫర్లేదు. ఇక్కడ సాక్షి సంతకం మిల్లు సుబ్బారావుది. అతని పాత మిల్లు కూడా నువ్వే అడుగుతున్నావంటగా. అతనికి మూడు తోటలున్నాయి. ఇంటి చెట్టు కాదన్నావని తెలిస్తే మిల్లు గుమ్మం కూడా ఎక్కనివ్వడు."

నాగరాజు కామేశ్వరి చేతిలోంచి కాగితం తీసుకొని తొమ్మిదో షరతు తనే చదువుకున్నాడు.

"సరే. ఏది మీ చెట్టు?"

"తూర్పు గోడ."

"గోడొక్కటేనా?"

"దాని మీద కూర్చున్న దూలాల కొసలు కూడా. దూలాలు మీవే, నాకొద్దు. దించేది మాత్రం నేను పెట్టిన మనిషి."

"ఎన్నాళ్ళు పడుద్ది?"

"అతన్నే అడగాలి."

"మిషను ఊరికే నిలబడుద్దమ్మా."

"మిల్లుకి పంపండి."

నాగరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరు తోటల వ్యాపారంలో ఉండాల్సిందమ్మా."

"ఇంటికి ఒకరు చాలు" అంది కామేశ్వరి.

మర్నాడు ఉదయం మొదటి బస్సుకే ఆమె చాట్రాయి బయలుదేరింది. దారి పొడుగునా తోటలు పూత మీద ఉన్నాయి. బస్సు కిటికీలోంచి తేనె వాసన వస్తోంది, అప్పుడప్పుడూ మందు కొట్టిన వాసన కూడా. బుచ్చయ్య ఇంటి అరుగు మీద కూర్చొని గడ్డపారకు మొన తీస్తున్నాడు. ఆమెను చూసి లేచాడు గాని ఆశ్చర్యపడలేదు.

"ఒక దూలం లాగేశారాండి?"

"లాగేశారు. నీకెలా తెలుసు?"

"లాక్కపోతే మీరు బస్సెక్కి రారు గదండి." గడ్డపార పక్కన పెట్టాడు. "కూలీ పెరుగుద్దండి మరి. అప్పుడు పడగొట్టడమొక్కటే పని. ఇప్పుడు పడకుండా చూసే పని కూడా తగిలింది."

కామేశ్వరి మర్యాద కోసం కొంచెం బేరమాడింది. అతను మర్యాద కోసం కొంచెం తగ్గాడు.

అతని పని చూసి ముచ్చటపడేందుకు ఏమీ లేదు. మొదటి మూడు రోజులు అతను ఒక్క ఇటుక కూడా తీయలేదు. తాటి దుంగలు తెప్పించి, మిగిలిన ఆరు దూలాల కింద ఊతంగా పోట్లు పెట్టించాడు; లాగేసిన దూలం ఉన్న చోట గోడలో పడిన గుంటను ఇటుకతో పూడ్పించాడు. నాలుగో రోజు నుంచి గోడ పైవరుస మొదలు, ఒక్కొక్క వరుసే ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకుంటూ వచ్చాడు. ఒక దూలం కొస బయటపడగానే, దాన్ని తాళ్ళతో దించడం, దాని గుంటను అదే పూట పూడ్చడం. పూడ్చనిదే భోజనానికి దిగేవాడు కాదు. మిగతా విషయాల్లో మొండి మనిషి. రోజుకు నాలుగుసార్లు టీ కావాలి. అమావాస్య నాడు పనిముట్టు ముట్టుకోనన్నాడు. మిషను వాళ్ళ గురించి గొణిగేవాడు, సిమెంటు గురించి గొణిగేవాడు, తన నలుగురు మనుషుల గురించైతే చెప్పనక్కరలేదు. అతను మంచి పనివాడని కామేశ్వరి ఎవరితోనూ అనలేదు. నాలుగు టీలు మాత్రం తనే కాచి పంపడం మొదలుపెట్టింది.

లోకాభిప్రాయం తప్పని చెప్పడానికి ఇదంతా సరిపోతుందో లేదో తెలియదు. నాగరాజు మిషను కూడా బలంతో పాటు తెలివితోనే పనిచేసింది. ఎక్కడ విలువ ఉందో దానికి బాగా తెలుసు. బుచ్చయ్యకు తెలిసిందల్లా ఏది దేన్ని పట్టుకొని ఉందన్నది. మనం దేన్ని చూడడానికి మనిషిని పెట్టుకుంటామో అతని తెలివి అటే పనిచేస్తుంది. అది పెట్టుకునేవాళ్ళు తేల్చుకోవలసిన సంగతి.

రిబ్కమ్మ ఈ రోజులన్నీ జాకెట్లను దుప్పట్లలో మూటగట్టి, ఒక్కొక్కటే బయటికి తీసి కుట్టుకుంది. ప్రతి సాయంత్రం పగులు పక్కన పెన్సిలుతో గీత గీసి, అది గీత దాటిందేమో పొద్దున్నే చూసుకునేది. దాటలేదు.

ఇరవై రెండో రోజున బుచ్చయ్య కామేశ్వరిని పిలిచాడు. పై అంతస్తు గోడ దిగిపోయింది, దూలాలన్నీ నాగరాజు లారీ ఎక్కాయి. గోడ ఇప్పుడు రిబ్కమ్మ రేకులకు రెండడుగుల ఎత్తున ఉంది.

"ఇక్కడి నుంచి కింద మీరు చెప్పాలండి" అన్నాడు. "పూర్తిగా తియ్యమంటే తీస్తా. తీస్తే ఆవిడ రేకులు దించుకోవాలి, తన గోడ తను కట్టుకోవాలి. రెండు నెలలు కొట్టు ఉండదు. ఉంచమంటే లోపలివైపు రెండు ఇటుక ఊతాలు కట్టి పైన సిమెంటు కప్పుతా, ఇంకో ముప్ఫై ఏళ్ళు కదలదు. మీ కొత్త గోడ మాత్రం అడుగున్నర ఇవతలికి రావాలి."

ఆ సాయంత్రం ఇంట్లో సత్యనారాయణమూర్తి ఇంజినీరు గీసిన ప్లాను మంచం మీద పరిచాడు. "అడుగున్నర పోతే మూడు షట్టర్లు రావు కామేశ్వరీ. షట్టరుకి తొమ్మిదడుగులు చొప్పున సరిగ్గా ఇరవై ఏడు. మూడోది నీ మ్యాచింగ్ సెంటరుకనే కదా అనుకున్నాం. రెండింటికి అద్దె వస్తే, మూడోది నీది."

"తెలుసండీ."

"గోడ మనది. మా నాన్న కట్టించింది. కాగితం ప్రకారం ఆవిడకి అడిగే హక్కు లేదు."

"కాగితం ప్రకారం మన మేడలో తేనెపట్టు కూడా ఉంది" అంది కామేశ్వరి.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. అయినా ఒప్పుకోలేదు. ఆవిడకు రెండు నెలలు వేరే గది అద్దెకు ఇప్పిద్దామన్నాడు. అది చెడ్డ మాటేమీ కాదు. కామేశ్వరి మర్నాడు వెళ్ళి రిబ్కమ్మను అడిగింది కూడా. రిబ్కమ్మ కత్తెర ఆపకుండానే, "గది ఇప్పిస్తారండి. గోడ ఎవరు కట్టిస్తారండి?" అంది. తరువాత, "మీరు తీసేయమన్నా నేనేం అననండి. పెచ్చు ఊడదన్నారు, ఊడకుండా ఇంతవరకు తెచ్చారు" అంది.

కామేశ్వరి రెండు రోజులు ఆలోచించింది. టేపు తీసుకెళ్ళి ఖాళీ స్థలాన్ని మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అంతే వచ్చింది.

ఆమె గోడను ఉంచమంది. బుచ్చయ్య రెండు ఊతాలు కట్టి, పైన సిమెంటు కప్పు వేసి, ఇరవై తొమ్మిదో రోజున కూలీ తీసుకొని వెళ్ళిపోయాడు. మిగిలిన మేడను నాగరాజు మిషనుతో నాలుగు రోజుల్లో పడగొట్టుకొని పోయాడు. ఇంజినీరు ప్లాను మార్చాడు. మూడు షట్టర్ల చోట రెండు వచ్చాయి. ఒకటి అద్దెకు ఇచ్చారు. రెండోదాంట్లో సగం సత్యనారాయణమూర్తి ఆఫీసు, సగం మ్యాచింగ్ సెంటరు. తూర్పు గోడ ఇద్దరిదీ అని, ఒకరు తీయాలంటే రెండోవారి సంతకం ఉండాలని కామేశ్వరి ఒక తెల్ల కాగితం మీద తన చేత్తో నాలుగు వాక్యాలు రాసింది. రిబ్కమ్మ దాన్ని చదివి సంతకం పెట్టింది. సత్యనారాయణమూర్తి కూడా చదివాకే పెట్టాడు.